స్వల్ప మరమ్మతు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతాల పట్టీలో తప్ప దాన్ని ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఆ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో అటెండరు దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ ఆయన గతేడాది గారు. చాటున అనుకునేటప్పుడు ఆ ‘గారు’ కూడా ఉండేది కాదు. ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, “గతేడాది ఏం చేశాం?” అనడం ఆయన అలవాటు. బడిగంటకు పగులొచ్చిందన్నా అదే మాట, తొమ్మిదో తరగతి పిల్లలు గోడ దూకి పారిపోయారన్నా అదే మాట. గతేడాది ఏం చేశామో తెలిస్తే ఈ ఏడాది ఏం చెయ్యాలో తెలిసినట్టేనని, గతేడాది ఏమీ చెయ్యకపోతే ఈ ఏడాదీ చెయ్యనక్కర్లేదని ఆయన సిద్ధాంతం.

పుట్టుకతో ఎవరూ గతేడాది కారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఆ బడిలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఆయనా మనిషే. వచ్చిన నెలకే పై ఆఫీసుకు వార్షిక నివేదిక పంపాల్సొచ్చింది. కుర్రాడు మూడు రోజులు గది గదీ తిరిగాడు. విరిగిన బెంచీలు లెక్కపెట్టాడు. కిటికీ రెక్కలు ఎన్ని ఉన్నాయో, ఎన్ని పోయాయో రాసుకున్నాడు. పన్నెండు పేజీలు చక్కటి దస్తూరితో రాసి హెడ్‌క్లర్కు బల్ల మీద పెట్టాడు. ఆ పెద్దమనిషి చదవలేదు. బరువెంతుందో చూసినట్టు అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“బాబూ, కొత్తగా రాస్తే ప్రశ్నలొస్తాయి. పాతది రాస్తే సంతకాలొస్తాయి. మనకేం కావాలి?”

“సంతకాలండి.”

“మరింకేం? బీరువాలో పోయినేటి కాపీ ఉంది. తేదీ మార్చి దింపెయ్.”

కుర్రాడి మొహం చిన్నబోయింది. హెడ్‌క్లర్కుకు జాలేసింది. పన్నెండు పేజీల్లో వెతికి, చివరి పేజీలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. “పోనీ, ఈ ఒక్క ముక్కా కలుపుకో. ఎలాగూ ఎవరూ చదవరు. నీ సరదా ఎందుకు కాదనాలి?” ఆ ముక్క ఇది: “ప్రయోగశాల పైకప్పునందు వెంట్రుకవాసి పగులు కనిపించుచున్నది. స్వల్ప మరమ్మతు చేయించిన బాగుండును.” స్టూలెక్కి, మెడ నొప్పి పుట్టేలా చూసి రాసిన వాక్యం. మొత్తం ఉద్యోగంలో ఆయన సొంతంగా రాసి పైకి పంపింది అదొక్కటే. అందుకే ఆ వాక్యమంటే ఆయనకు తొలిచూలు బిడ్డ మీదున్నంత మమకారం. ఏటా దాన్ని అక్షరం పొల్లుపోకుండా దించేవాడు.

నివేదికకు నాలుగు పేజీలు. మొదటిది బడి చరిత్ర. “రెండు పెంకుటి గదులలో, పదకొండుగురు విద్యార్థులతో, ఒకే ఒక్క ఉపాధ్యాయునితో ప్రారంభమై” అని మొదలయ్యేది. ఎప్పుడు ప్రారంభమైందని మాత్రం అడక్కూడదు. గేటు మీది కమాను ఒక సంవత్సరం చెప్పేది, ఆఫీసు రబ్బరుస్టాంపు ఇంకోటి చెప్పేది. మధ్యన తొమ్మిదేళ్ళు తేడా. దాంతో ఆ బడి యాభయ్యో వార్షికోత్సవం రెండుసార్లు చేసుకుంది. రెండుసార్లూ ఒకే ఉపన్యాసం చదివారు, రెండుసార్లూ జనం చప్పట్లు కొట్టారు.

రెండో పేజీ చదువు. “విద్యార్థులు చదువునందు మిక్కిలి శ్రద్ధ కనబరచుచున్నారు.” ఆ శ్రద్ధకు ఎండావానా లేవు. సగం తరగతి తప్పిన ఏడాదీ కనబరిచారు, లెక్కల మాస్టరు లేకుండా గడిచిన ఏడాదీ కనబరిచారు.

మూడో పేజీ విద్యార్థుల కార్యకలాపాలు. చూస్తే కళ్ళు చెదరాల్సిందే. తోటపని సంఘం, అరవై మంది సభ్యులు. ఆ తోటలో ఇప్పుడు మాస్టర్ల స్కూటర్లు తప్ప ఇంకేం మొలవడం లేదు. వాద్యబృందం ఉంది, దాని ఆస్తి తోలు చిరిగిన డోలు ఒకటి. వీటన్నిటికీ తలమానికం వక్తృత్వ సంఘం: “ప్రతి శుక్రవారము చివరి పీరియడునందు, నలుబది ఇద్దరు సభ్యులతో, నిరంతరాయముగా” నడుస్తున్నది. నిజానికి గతేడాది గారు చేరడానికి ముందు సంవత్సరం ఒక చరిత్ర మాస్టరు దాన్ని మూడు నెలలు నడిపాడు. ఆయనకు బదిలీ అయింది, సంఘం కాగితం మీద స్థిరపడిపోయింది. ఆ నలభై ఇద్దరికి ముప్ఫై ఏళ్ళుగా వయసు రాలేదు, పరీక్షలు రాలేదు, ఒక్క శుక్రవారమైనా ఒక్కరికీ జలుబు చెయ్యలేదు.

నాలుగో పేజీ అవసరాలు. వెంట్రుకవాసి పగులు ఉండేది అక్కడే. దానికి పై ఆఫీసు నుంచి ఏటా ఒకటే జవాబు: “పరిశీలనలో ఉన్నది.” అక్కడా ఒక గుమాస్తా ఉన్నాడన్నమాట, ఆయనకూ ఒక గతేడాది ఉందన్నమాట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే వియ్యంకుల్లా ఏటేటా మర్యాదలు జరుపుకున్నారు.

కాగితానికి తెలియని సంగతేమిటంటే కప్పుకు వయసొస్తుంది. వెంట్రుక కాస్తా వేలైంది, వేలు కాస్తా బెత్తెడైంది. సైన్సు టీచరు మొదట బకెట్టు పెట్టింది, తర్వాత తొట్టి పెట్టింది. గడిచిన ఏటి వానాకాలంలో, ఇంటర్వెల్లు టైములో, కప్పుకు పెద్ద కన్నం పడి, మోకాలెత్తు పెచ్చు సరిగ్గా ఆవిడ బల్ల మీద పడింది. ఆవిడ స్టాఫ్‌రూములో టీ తాగుతోంది కనక బతికిపోయింది. హెడ్మాస్టరు వెంటనే చర్య తీసుకున్నాడు. గదికి తాళం వేయించి, తాళంచెవి గతేడాది గారి గుత్తికి తగిలించాడు. అప్పట్నుంచి పిల్లలకు బ్యూరెట్టు అనే గాజుగొట్టమంటే నల్లబల్ల మీద సుద్దతో గీసిన బొమ్మ. సైన్సు టీచరు ఆమ్లాన్ని తెల్లసుద్దతో, క్షారాన్ని పచ్చసుద్దతో గీసి, రెండూ కలిసినట్టు అరచేత్తో తుడిచి చూపించేది. ప్రయోగ పరీక్షల్లో మాత్రం అందరికీ నిండు మార్కులు, గతేడాది వేశారు కాబట్టి.

ఆ పిల్లల్లో గతేడాది గారి కూతురు కూడా ఉంది. పెళ్ళైన పదకొండేళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల, అప్పుడు తొమ్మిదో తరగతి. నోరు తల్లి పోలిక, పట్టుదల ఎవరి పోలికో ఎవరికీ తెలియదు. వంటింట్లో ఉన్న సోడా, నిమ్మరసం, అగ్గిపెట్టె అన్నిటి మీదా దాని పరిశోధన నడిచేది. ఒక కిటికీ తెర ఆ దారిలోనే పోయింది. పెద్దయ్యాక సైన్సు చదువుతానంటుంది. ఒక్కసారైనా నిజం గాజుగొట్టం చేత్తో పట్టుకోవాలని దాని ఆశ. ఆ బీదకోరిక చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోవాలి.

“నాన్నా, లాబుకి కప్పెప్పుడేస్తారు?” అని ఒక సాయంత్రం అడిగింది.

“ఏటా రాస్తూనే ఉన్నాం కదమ్మా. పరిశీలనలో ఉంది.”

“ఏమని రాస్తున్నావు?”

ఆయన కళ్ళు మూసుకుని, వెంట్రుకవాసి దగ్గర్నుంచి బాగుండును దాకా అప్పజెప్పాడు. కాస్త గర్వంగానే అప్పజెప్పాడు.

“స్వల్పమా!” పిల్ల లేచి నిలబడింది. “కప్పులోంచి ఆకాశం కనిపిస్తుంటే స్వల్పమంటావేంటి నాన్నా? కూలిపోయిందని రాయచ్చు కదా?”

వంటింట్లోంచి భార్య అందుకుంది. “అడుగమ్మా, అడుగు. మన తూము సంగతీ అడుగు. గతేడాది కూడా ఇలాగే కారింది కదా అంటారు.”

ఆడవాళ్ళిద్దరూ ఒకటైతే గతేడాది గారు నిలబడగలిగేవాడు కాదు. “సరేలేమ్మా, ఈసారి మారుస్తాను,” అన్నాడు. ఆ మాట మనసారా అన్నాడు, అందులో అబద్ధం లేదు.

నివేదిక పంపే రోజు వచ్చింది. మూడు పేజీలు చెయ్యి దానంతటది దింపేసింది. నాలుగో పేజీలో కలం ఆగింది. కప్పు కూలినదని రాస్తే ఎప్పుడు కూలినదంటారు. గతేడాది వెంట్రుకవాసి అన్నావు, ఏడాదిలో వెంట్రుక కాస్తా వాకిలైపోయిందా అంటారు. ముప్ఫై ఏళ్ళ కాగితాలన్నీ బయటికి తీస్తారు. ఇంకొక్క ఏడాదిలో రిటైర్మెంటు. గోరంతలు కొండంతలు చేసేవాళ్ళను లోకం చూసింది గానీ, కొండంతను ముప్ఫై ఏళ్ళు గోరంతగా కాపాడుకొచ్చినవాడు ఈయనొక్కడే. ఆ కాపాడిన చెయ్యే కలం కదిలించింది. వెంట్రుకవాసి పగులు మళ్ళీ కనిపించింది, స్వల్ప మరమ్మతు మళ్ళీ ‘బాగుండును’ అయింది.

ఇంటికెళ్ళగానే పిల్ల గుమ్మంలోనే పట్టుకుంది. “మార్చావా?”

“ఊఁ,” అన్నాడు.

పిల్ల మెడకు చుట్టుకుంది. ఆ పూటంతా ఆయన చెప్పులు కూడా అదే తీసిపెట్టింది.

అంతా యథాప్రకారం జరిగిపోయేదే. కానీ పిల్ల పదో తరగతిలోకొచ్చిన ఏడాది పై ఆఫీసుకు కొత్త అధికారిణి వచ్చింది. ఆవిడకొక దుర్గుణం ఉంది, సంతకం పెట్టే కాగితం చదువుతుంది. చదివి, నాలుగు వాక్యాల ఉత్తరం రాసింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఎడతెగకుండా నడుస్తున్న వక్తృత్వ సంఘం ఇంకెక్కడా లేదని, వచ్చే శుక్రవారం స్వయంగా వచ్చి వింటానని, ఈ ఏడాది ఒక్క పాఠశాలకు కొత్త పైకప్పు మంజూరు చేసే అధికారం తన చేతిలో ఉందని, ఎవరికివ్వాలో చూసి నిర్ణయిస్తానని.

హెడ్మాస్టరు ఆ ఉత్తరం పట్టుకుని ఆఫీసుగదిలోకి వచ్చాడు. మనిషికి చెమటలు పట్టి చొక్కా వీపుకు అంటుకుంది.

“ఏమండీ, మన వక్తృత్వ సంఘం ఎక్కడుంది?”

“ఫైల్లో ఉందండి,” అన్నాడు గతేడాది గారు.

మిగిలింది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ పాఠాలు కట్టిపెట్టి వక్తలను తయారుచేశారు. నివేదికలో నలభై రెండు అని ఉంది కనక నలభై ఇద్దరినే ఎంచారు. ఉత్సాహం కొద్దీ నలభై మూడోవాడు ముందుకొస్తే కసిరి వెనక్కి పంపారు. విషయం కూడా ఫైల్లోదే: విజ్ఞానం వరమా, శాపమా? ఉపన్యాసాలు గతేడాది గారు ఒక పాత వ్యాసాల పుస్తకంలోంచి దింపి ఇచ్చాడు. నోరున్న పిల్లలు కరువై, చివరి వక్తగా ఆయన కూతుర్నే పెట్టారు.

“నాకిష్టం లేదు నాన్నా, ఇదంతా దొంగ వ్యవహారం,” అంది పిల్ల. మళ్ళీ తనే ఆలోచించుకుని, “పోనీలే. కప్పు కూలిందని నువ్వు నిజం రాశావు కదా, ఆవిడ తప్పకుండా అడుగుతుంది. దానికోసమైనా మాట్లాడతాను,” అంది. అప్పుడైనా గతేడాది గారు నోరు విప్పి చెప్పాల్సింది. చెప్పలేదు.

శుక్రవారం అధికారిణి చెప్పిన టైముకే వచ్చింది. ఆ సంగతి ఎవరూ ఊహించలేదు, కుర్చీల దుమ్ము ఇంకా తుడుస్తూనే ఉన్నారు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. మొదటివాడు వరమన్నాడు. రెండోవాడు శాపమన్నాడు. మూడోవాడు భయంలో మొదటివాడిదీ రెండోవాడిదీ కలిపి అప్పజెప్పి, ఏ పక్షమో తేల్చకుండా కూర్చున్నాడు. చివర్న కూతురు లేచింది. చేతిలో తండ్రి రాసిచ్చిన కాగితం ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

“విజ్ఞానం వరమో శాపమో మాకు తెలీదండి. మా బళ్ళో దానికి తాళం వేసి ఉంది.”

హాలంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అధికారిణే. “ముప్ఫై ఏళ్ళ సంప్రదాయమంటే ఇదీ! ఎంత చమత్కారం! తాళమెందుకమ్మా?”

“కప్పు కూలిందండి. మీకు రాశారు కదా.”

అధికారిణి ఫైలు తెరిచింది. నాలుగో పేజీ తీసి, అందరికీ వినపడేలా చదివింది. వెంట్రుకవాసి పగులు. స్వల్ప మరమ్మతు. బాగుండును. పిల్ల మెల్లగా తలతిప్పి, గోడవారన కుక్కిన పేనులా నిలబడ్డ తండ్రి వైపు చూసింది.

“గుమాస్తాగారూ, ఇది రాసింది మీరే కదా? మీ మాట నిజమా, ఈ అమ్మాయి మాట నిజమా? తాళంచెవి ఉంటే ఒకసారి చూసొద్దాం.”

తాళంచెవి ఆయన ప్యాంటు జేబులో ఉంది. తొడకు గుచ్చుకుంటోంది కూడా. తీసి ఇస్తే ఒక్క నిమిషంలో అంతా తేలిపోతుంది. కప్పు వస్తుంది, పిల్ల చేతికి గాజుగొట్టం వస్తుంది. దాంతోపాటు తోటలో స్కూటర్లూ బయటికొస్తాయి, చిరిగిన డోలూ బయటికొస్తుంది, ముప్ఫై ఒక్క ఏళ్ళూ బయటికొస్తాయి. రిటైర్మెంటుకు రెండు నెలలుంది.

“తాళంచెవి ఇంటి దగ్గర మర్చిపోయానండి,” అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. “పిల్లలు కదండీ, వాదనలో పడి కాస్త ఎక్కువ చేసి చెప్తారు. స్వల్పమేనండి.”

కన్నబిడ్డను నలుగురిలో అబద్ధాలకోరును చేశాడు. ఆ పిల్ల తన కూతురని కూడా చెప్పలేదు. ఇలాంటివాడి మీద జాలి పడమంటే పడలేం.

అధికారిణి వాచీ చూసుకుంది, ఇంకో బడికి వెళ్ళాలి. ఆవిడ కాగితాలు చదువుతుంది, చదివింది నమ్ముతుంది. చదవని అధికారుల దయవల్ల ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చిన బడి చదివే అధికారి చేతిలో చెడింది. ఆ కొత్త కప్పు కాలవ అవతలి బడికి మంజూరైంది. అక్కడి గుమాస్తాకు దస్తూరి రాదు, భాష రాదు. మా కప్పు కూలింది, ఇదిగో చూడండి అని ఒక్క ముక్క రాసి, ఊడిన పెచ్చును గోనెగుడ్డలో చుట్టి ఉత్తరంతోపాటు పంపాడట. మన బడికి మాత్రం “నిరంతరాయ వక్తృత్వ సేవ”కు గాను ఒక ప్రశంసాపత్రం వచ్చింది. దానికి పటం కట్టించి ఎక్కడ తగిలించాలా అని చూశారు. ఎవరూ తెరవని తలుపు ఒకటి ఖాళీగా ఉంది, ప్రయోగశాలది. అక్కడ మేకు కొట్టారు.

కూతురు ఇంట్లో ఏడవలేదు, అలగలేదు. “నువ్వు” అనడం మానేసి “మీరు” అనడం మొదలుపెట్టింది. ప్రోగ్రెస్ కార్డు తెచ్చి, “సంతకం కావాలండీ,” అని బల్ల మీద పెట్టి దూరంగా నిలబడేది. గతేడాది గారికి జీవితమంతా కావలసింది సంతకాలే కదా. ఇప్పుడు పెట్టాల్సొచ్చినప్పుడల్లా కలం వెతుక్కుంటూ పొద్దుపుచ్చేవాడు. అటు బళ్ళో ఒక విచిత్రం జరిగింది. ఆ నలభై ఇద్దరిలో పదిహేడు మందికి మాట్లాడ్డం రుచి తగిలింది. ప్రతి శుక్రవారం చివరి పీరియడులో, తాళమేసిన గది మెట్ల మీద, ఎవరూ చెప్పకుండానే కూర్చుని వాదించుకోసాగారు. వాళ్ళను కూడగట్టింది ఆ పిల్లే. వాళ్ళ సంగతి ఏ నివేదికలోనూ లేదు, ఎందుకంటే అందులో నలభై ఇద్దరున్నారు.

రిటైర్మెంటు సభ జరిగింది. హెడ్మాస్టరు నాలుగు ముక్కలు చదివాడు. “విజిలు ఊది, ఎండనక వాననక పిల్లలను పరుగెత్తించిన ఈ మహనీయుడు” అన్నదాకా గతేడాది గారికి అర్థం కాలేదు. అది గతేడాది రిటైరైన డ్రిల్లు మాస్టరు సన్మానపత్రం. తేదీ ఒక్కటే మార్చారు. ఎవరికీ నవ్వు రాలేదు, అసలు ఎవరూ వినడం లేదు. ఆయన లేచి అందరికీ నమస్కారం పెట్టాడు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే జీవితంలో మొదటిసారి ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పుకోవడానికి వీల్లేకుండా మండింది.

ఆయన కుర్చీలోకి వచ్చింది ఒక చిన్నమ్మాయి, చురుకైంది, ఏది చెప్పినా పుస్తకంలో రాసుకునేది. వెళ్ళేముందు పదిహేను రోజులు ఆయనే పని నేర్పాడు. బీరువా చూపించాడు, తాళంచెవుల గుత్తి అప్పజెప్పాడు, హెడ్‌క్లర్కు చెప్పిన మంత్రం కూడా ఉపదేశించాడు. నెల తిరిగి మళ్ళీ నివేదికలు పంపే రోజులొచ్చాయి. గతేడాది గారు ఉతికిన చొక్కా తొడుక్కుని, ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకుని బడికి వెళ్ళాడు.

“అమ్మా, నాలుగో పేజీలో ఈ ముక్క మార్చాలి,” అని కాగితం ఆ అమ్మాయి ముందు పెట్టాడు. మూడే వాక్యాలు. ప్రయోగశాల పైకప్పు కూలిపోయింది. పిల్లలు రెండేళ్ళుగా ఒక్క ప్రయోగమైనా చూడలేదు. వెంటనే కొత్త కప్పు వెయ్యాలి.

ఆ అమ్మాయి చదివింది. బీరువాలోంచి పాత కాపీ తీసి పక్కన పెట్టుకుంది. రెండూ మార్చి మార్చి చూసింది.

“గతేడాది ఇలా లేదు కదండీ?”

“అది తప్పమ్మా. నేనే రాశాను, నేనే చెప్తున్నాను.”

“కొత్తగా రాస్తే ప్రశ్నలొస్తాయని మీరే కదండీ చెప్పారు? చూడండి, పుస్తకంలో రాసుకున్నాను కూడా.” నిజంగానే పుస్తకం తీసి చూపించింది, కింద ఎర్రసిరాతో గీత గీసుకుంది. “నేను వచ్చి మూడు నెలలు కాలేదు సార్. ఇప్పుడే ఎందుకు? వచ్చే ఏడాది చూద్దాం.”

గతేడాది గారు ఎర్రగీత మీద ఉన్న తన మాటే చదువుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చుని తను ఎంతమందిని ఆ మాటతో పంపించాడో గుర్తొచ్చింది. కాగితం తీసుకుని బయటికి వచ్చాడు.

గేటు దగ్గర కూతురు పుస్తకాల సంచీతో నిలబడి ఉంది. తండ్రి బడికి వస్తాడని పొద్దున్నే తల్లి చెప్పి ఉంటుంది. ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, నిలబడే చదివింది.

“ఇది రాయడానికి ఎంతసేపు పట్టింది?”

“పది నిమిషాలమ్మా.”

పిల్ల కాగితాన్ని మళ్ళీ మడతల మీదే మడిచింది. “తీసుకున్నారా?”

“వచ్చే ఏడాది చూద్దామంది.”

“వచ్చే ఏడాది నేనిక్కడ ఉండను నాన్నా,” అంది పిల్ల. కాగితం ఆయన జేబులో పెట్టి, ముందు నడిచింది.